కొత్త ట్యాబ్ కొనేముందు ఒక్కసారి స్లో క్వెరీ లాగ్ చూడండి

యాప్ నెమ్మదిగా ఉంటే ముందు తిట్లు తినేది ఫోనే. ర్యామ్ చాలట్లేదనీ, ప్రాసెసర్ పాతబడిందనీ తేల్చేసుకుని కొత్త మోడళ్ల రివ్యూలు వెతుకుతాం. అదే ఫోన్‌లో కెమెరా, యూట్యూబ్ చకచకా నడుస్తూ, ఒక్క యాప్‌లో ఒక్క స్క్రీన్ మాత్రమే చక్రం తిప్పుతోందా? అయితే అనుమానించాల్సింది వెనకున్న డేటాబేస్‌ని. ఆ అనుమానం నిజమో కాదో తేల్చడానికే స్లో క్వెరీ లాగ్ ఉంది.

మా కోరుకొండలో నాకు బాబాయి వరసయ్యే ఒకాయనకి ఎరువుల కొట్టు ఉంది. సార్వా నాట్ల టైమ్‌లో కౌంటర్ దగ్గర రైతులు బారులు తీరి ఉంటారు. బిల్లింగ్ యాప్‌లో రైతు పాత బాకీ తెరుచుకోవడానికి మూడేసి సెకన్లు పడుతోంది. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లేమో ట్యాబ్‌లు మార్చమన్నారు. ‘ఏ ట్యాబ్ కొనమంటావురా అబ్బాయ్?’ అని బాబాయి నన్నడిగాడు. ‘ముందు లాగ్ అడగండి బాబాయ్’ అన్నాను.

లాగ్ ఎందుకు ఖాళీగా ఉంది?

వాళ్లది మైఎస్‌క్యూఎల్. వాళ్లు పంపిన లాగ్‌లో రోజుకి ఒకే క్వెరీ కనబడింది. రాత్రిపూట నడిచే రిపోర్ట్ అది, 14 సెకన్లు. పగలంతా ఖాళీ. కాబట్టి డేటాబేస్ శుభ్రంగా ఉందన్నది వాళ్ల వాదన.

మెలిక ఇక్కడే ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా, లాంగ్ క్వెరీ టైమ్ అనే సెట్టింగ్ డీఫాల్ట్‌గా 10 సెకన్లు. అంటే 9 సెకన్లు పట్టిన క్వెరీ కూడా దాని లెక్కలో స్లో కాదు! కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి 3 సెకన్లే ఎక్కువ. ఆ సెట్టింగ్‌ని అర సెకనుకి దించి ఒక పూట ఉంచమన్నాను. గ్లోబల్‌గా మార్చినప్పుడు కొత్తగా వచ్చే కనెక్షన్లకే అది వర్తిస్తుంది కాబట్టి, యాప్ సర్వర్‌ని కూడా ఒకసారి రీస్టార్ట్ చేయాలి.

సగటు కాదు, మొత్తం చూడాలి

లాగ్ నిండాక దాన్ని వరసగా చదవడం మొదలుపెట్టకండి. మైఎస్‌క్యూఎల్‌తోనే మైఎస్‌క్యూఎల్ డంప్ స్లో అనే టూల్ వస్తుంది. అంకెలు, పేర్లు తీసేసి ఒకే రకం క్వెరీలన్నిటినీ ఒక గుంపు చేస్తుంది. కాకపోతే మామూలుగా నడిపితే సగటు సమయాన్ని బట్టి పేరుస్తుంది. అలా చూస్తే మళ్లీ ఆ రాత్రి రిపోర్టే పైనుంటుంది. మొత్తం సమయాన్ని బట్టి పేర్చమనండి, అప్పుడు అసలు దొంగ పైకొస్తాడు.

ఇక్కడ జరిగింది అదే. రిపోర్ట్ రోజుకి ఒక్కసారి, 14 సెకన్లు. బాకీ వెతికే క్వెరీ ఒక్కోసారికి 2.8 సెకన్లే, కానీ అన్ని కొట్లూ కలిపి ఆ పూట 600 సార్లు నడిచింది. గుణించండి: 1,680 సెకన్లు, అంటే 28 నిమిషాలు.

కారణం కూడా అక్కడే రాసుంది. చూసిన వరసలు సుమారు 18 లక్షలు, పంపినవి 4. నాలుగు బిల్లుల కోసం టేబుల్ మొత్తం తిరగేస్తోందన్నమాట. మొబైల్ నంబర్ మీద ఇండెక్స్ ఉంది. కానీ రైతు చెప్పేది చివరి నాలుగు అంకెలు. నిఘంటువులో ‘కోరు’తో మొదలయ్యే మాటలు చిటికెలో దొరుకుతాయి. ‘కొండ’తో ముగిసేవి కావాలంటే ప్రతి పేజీ తిప్పాల్సిందే. ఇండెక్స్‌దీ అదే పరిస్థితి.

మందు చిన్నదే. చివరి నాలుగు అంకెలకి విడిగా ఒక కాలమ్ పెట్టి, కొట్టు నంబర్ ముందు, ఈ అంకెలు తర్వాత వచ్చేలా ఒక ఇండెక్స్ వేశారు. ముందు ఎక్స్‌ప్లెయిన్ నడిపి, ఆ ఇండెక్స్ నిజంగా వాడుతోందని చూసుకున్నారు. ఇప్పుడు బాకీ కొన్ని మిల్లీసెకన్లలో వస్తోంది. బాబాయి పాత ట్యాబ్‌లతోనే సీజన్ గట్టెక్కాడు.

మీరు చేసేటప్పుడు

పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకి లాగ్ మిన్ డ్యూరేషన్ స్టేట్‌మెంట్ అనే సెట్టింగ్ ఉంది. డీఫాల్ట్ మైనస్ 1, అంటే ఏదీ రాయదు. మొత్తం సమయాల లెక్కకి పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ వాడండి.

హద్దుని సున్నాకి దించి రోజుల తరబడి వదిలేయకండి, డిస్క్ నిండిపోతుంది. అలాగే ముడి లాగ్‌లో జనం ఫోన్ నంబర్లు ఉంటాయి. సాయం అడిగేటప్పుడు టూల్ ఇచ్చిన సారాంశమే పంపండి.

ఒక్కోసారి లాగ్‌లో అన్నీ మిల్లీసెకన్లే ఉంటాయి, స్క్రీన్ మాత్రం కదలదు. అప్పుడు నెట్‌వర్క్ చూడండి, యాప్ కోడ్ చూడండి. అవి కూడా బాగుంటేనే ఫోన్ వంతు. అప్పుడు హాయిగా కొత్తది కొనుక్కోండి, రివ్యూలు ఇక్కడే ఉన్నాయి.