సేవ చేసే చేతులకూ సెలవు

ఈ సంచిక కోసం ఎల్.టి.సి. యాత్రానుభవాలను సేకరించదలచి మేము కాలనీలో కొందరు మిత్రుల ఇళ్లకు వెళ్లాము. కేదారనాథ్ వెళ్లి వచ్చినవారు, అండమాన్ చూసి వచ్చినవారు ఉత్సాహంగా ఫోటోలు చూపించారు. ఒక ఇంట మాత్రం మా సహోద్యోగి కొంతసేపు మౌనం వహించి, "రెండు బ్లాకులూ వదులుకున్నామండీ" అన్నారు. లోపలి గదిలో ఆయన తల్లిగారు, ఎనభై రెండేళ్ల వృద్ధురాలు, డిమెన్షియాతో ఉన్నారు. ఆమెను రేయింబవళ్లు కనిపెట్టుకొని ఉండేది కోడలు. "నేను స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర నిలబడి పిలుస్తూనే ఉంటారు. అత్తయ్యగారిని వదిలి ఎక్కడికి పోతాము?" అని ఆ ఇల్లాలు నవ్వుతూనే అన్నారు. నెల తిరగకముందే రక్తపోటు పెరిగి, వంటగదిలో కళ్లు తిరిగి పడిపోయి, ఆమే ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. యాత్రావ్యాసాన్ని పక్కనపెట్టి ఈ విషయం వ్రాయ నిశ్చయించినది అప్పుడే.

మన దేశంలో అరవై ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మంది, అనగా సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. పక్షవాతంతో మంచం పట్టినవారు, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పిల్లలు దీనికి అదనం. ఇటువంటి ప్రతి ఇంటా నిద్ర చాలని మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషి చాలాచోట్ల స్త్రీయే. "మా అమ్మను మేమే చూసుకుంటున్నాం" అని సగర్వంగా చెప్పే పురుషులలో పక్కబట్టలు మార్చినవారు ఎందరో, ఎవరికి వారే లెక్క వేసుకోవాలి.

ఉమ్మడి కుటుంబాలలో ఈ విశ్రాంతికి పేరు లేకపోయినా ఏర్పాటు ఉండేది. కోడలు పండుగకు పుట్టింటికి వెళ్లేది. ఆ పది రోజులూ తోటికోడలో, ఆడపడుచో ఆ పని అందుకొనేవారు. నేడు అన్నదమ్ములు తలొక ఊళ్లో ఉన్నారు. తల్లిదండ్రులను వంతులవారీగా ఉంచుకోవడాన్ని లోకం చిన్నచూపు చూస్తుంది గాని, ప్రేమతో చేసినప్పుడు అందులో తప్పేమీ లేదని మా అభిప్రాయం. అయితే డిమెన్షియా రోగికి ఇల్లు మారితే అయోమయం హెచ్చుతుంది. అందుచేత రోగిని తరలించుటకంటె, చూసుకునే మనిషే ఆ ఇంటికి రావడం మేలు.

పై కుటుంబం ఈ మార్గాన్నే అనుసరించింది. ఆడపడుచు మూడు రోజులు ముందుగా వచ్చి, వదినగారి పక్కనే ఉండి పనులన్నీ గమనించారు. మొదట ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రమే దంపతులు బయటకు వెళ్లి చూశారు. ఆ తరువాతనే ఐదు రోజుల ప్రయాణం. మందులు, వేళలు, మింగడానికి అనువైన మెత్తని ఆహారం, మూత్రవిసర్జన వేళలు, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ మాటకు కోపం వస్తుంది, వైద్యుని ఫోను నెంబరు — ఇవన్నీ ఆ ఇల్లాలు ఒక నోటుపుస్తకంలో వ్రాసి, వైద్య కార్డును దానికే జతచేశారు. కదలలేని రోగి అయితే రెండు గంటలకొకసారి పక్క మార్చడం, గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచడం కూడా వ్రాయాలి. జీతానికి మనిషిని కుదుర్చుకునేవారు గుర్తింపు పత్రాలు సరిచూడనిదే ఇల్లు అప్పగించరాదు.

బంధువులు లేనివారి మాటేమిటి? 1992లో కేరళలో ప్రారంభమైన అల్జీమర్స్ సంఘానికి హైదరాబాదులోనూ శాఖ ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గలవారి కోసం 1999 నాటి చట్టం ద్వారా నేషనల్ ట్రస్ట్ ఏర్పడింది. తల్లిదండ్రులకు ఊరట కలిగేలా అట్టివారికి తాత్కాలిక వసతి కల్పించడం ఆ సంస్థ 'సమర్థ్' పథకం ఉద్దేశాలలో ఒకటి. వృద్ధుల సమస్యలకు 14567, సంరక్షకుల మానసిక ఒత్తిడికి 14416 నెంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చును. సెలవు విషయంలో మాత్రం కొరత ఉంది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2008 నుండి శిశు సంరక్షణ సెలవు 730 రోజులు లభిస్తున్నది. వికలాంగులైన సంతానం విషయంలో వయఃపరిమితి కూడా లేదు. వృద్ధ తల్లిదండ్రుల కోసం అటువంటి ప్రత్యేక సెలవు ఆ నియమాలలో లేదు. మన ఉద్యోగ సంఘాలు వేతన సవరణతో పాటు ఈ మాట కూడా ఎత్తితే బాగుంటుంది.

ఆ దంపతులు తిరుపతి, కాశీ వెళ్లలేదు. ఆమె పుట్టింటికి వెళ్లారు. మొదటి రెండు రోజులు ఆమె నిద్రపోవడమే సరిపోయిందట. మూడవనాడు, "అత్తయ్యగారు నన్ను వెతుక్కుంటున్నారేమో" అని కంట తడి పెట్టి, భర్తచేత ఇంటికి ఫోను చేయించారు. అవతల ఆడపడుచు, "అమ్మ హాయిగా చిక్కుడుకాయలు గిల్లుతోంది, మీరు భోజనం చేయండి" అన్నారట.

వారు తిరిగి వచ్చిన తరువాత మేము ఆ నోటుపుస్తకం చూశాము. చివర ఆడపడుచు చేతివ్రాతలో కొత్తగా ఒక పుట చేరింది: "సాయంత్రం ఆరయ్యేసరికి 'మా ఇంటికి పోతాను' అంటుంది. కాదనవద్దు. చెప్పులు తొడిగి మెట్ల దాకా తీసుకువెళ్లి, తిరిగి వస్తే చాలు." మరుసటి ప్రయాణం దసరాకని అనుకున్నారు. ఈసారి తమ్ముడుగారు వచ్చి ఉంటారట. ఆ పుటను ఆయనకు ముందే జిరాక్సు తీసి పంపారు.