మీకు తెలుసా? తుమ్ములు తెప్పించేది పిల్లి వెంట్రుక కాదు

పిల్లి పడనివాళ్లలో ఎక్కువమందిని బాధపెట్టేది ‘ఫెల్ డి 1’ అనే ప్రొటీన్. పిల్లి ఉమ్మిలో, చర్మంలోని నూనె గ్రంథుల్లో అది తయారవుతుంది. ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకు అంటుకుని, ఎండి, గాలిలో తేలుతుంది. అందుకే పొట్టి బొచ్చు పిల్లితోనూ తిప్పలు తప్పవు.

న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలున్న ప్లెయిన్స్‌బరో లాంటి ఊళ్లలో చలికాలమంతా కిటికీలు మూసే ఉంటాయి. కార్పెట్ ఉంటే ఈ ప్రొటీన్ అంటిన ధూళి అందులోనే దాక్కుంటుంది. పైగా ఇల్లు దాటని పిల్లికి దీపాల వెలుగు, హీటర్ వెచ్చదనం వల్ల ఏడాది పొడవునా బొచ్చు రాలుతూనే ఉంటుంది.

వారానికి ఒకటి రెండుసార్లు రబ్బరు బ్రష్‌తో బొచ్చు వాలిన వైపే మెల్లగా దువ్వి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. ఈ పని అలర్జీ లేనివాళ్లే చేయాలి. స్నానంతో తగ్గిన ప్రొటీన్ కొద్ది రోజుల్లోనే మళ్లీ పేరుకుంటుంది. అందుకోసం ఆ మూగజీవిని నీళ్లలో ముంచి బెదరగొట్టకండి.