చూడం... చూడనివ్వం!

సినిమా నచ్చకపోతే ఏం చేస్తాం? మధ్యలో లేచి వచ్చేస్తాం. మరి మనం చూడాలనుకున్న సినిమాని ఎవరో పెద్దమనిషి డబ్బాలో పెట్టి తాళం వేస్తే? అప్పుడు లేచి రావడానికి కుర్చీయే ఉండదు! అలాంటప్పుడు జనం ఎంచుకునే దారి... బహిష్కారం.

ఈ మాట పల్నాడుకి కొత్త కాదు. 1921లో పుల్లరి మీద తిరగబడిన పల్లెలు చేసిందదే. సర్కారు ఉద్యోగులు ఊళ్లోకొస్తే సరుకులు అమ్మినవాళ్లు లేరు, పనులు చేసిపెట్టినవాళ్లు లేరు. ఆ పోరులోనే 1922 ఫిబ్రవరిలో మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు తుపాకి గుళ్లకు బలయ్యాడు. ఆయుధం లేనివాడి చేతిలో ఆయుధం బహిష్కారం అని అప్పుడే రుజువైంది.

జమీందారు డబ్బుతో... జమీందార్లపైనే!

సినిమా మీద పెద్దలు కన్నెర్రజేసిన కథా మనకుంది. అదే ‘రైతుబిడ్డ’. 1938లో ‘మాలపిల్ల’తో సంచలనం రేపిన గూడవల్లి రామబ్రహ్మం, మరుసటి ఏడాదే రైతు గోడుని తెరకెక్కించారు. బళ్లారి రాఘవ, టంగుటూరి సూర్యకుమారి నటించారు. త్రిపురనేని గోపీచంద్ మాటలు రాశారు. కొసరాజు సినీ ప్రస్థానం మొదలైందీ దీంతోనే.

తమాషా ఏంటంటే, సినిమా తీసిన సారథి సంస్థ వెనకున్నది చల్లపల్లి రాజా. అంటే ఓ జమీందారు! ఆయన డబ్బిచ్చారు, మిగతా జమీందార్లు భగ్గుమన్నారు. అప్పటికే ఎన్జీ రంగా వంటివారి నాయకత్వంలో రైతు ఉద్యమం వేడిమీదుంది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1938లో జమీందారీ రైతుల పక్షాన నివేదికిచ్చింది. ఆ నిప్పుకి సినిమా తోడైతే ఇంకేమన్నా ఉందా? వెంకటగిరి, బొబ్బిలి సంస్థానాల నుంచి ఒత్తిళ్లు వచ్చాయి. నెల్లూరు జిల్లాలో బొమ్మ ఆడకుండా నిషేధం పడింది.

సినిమాని ఆపారు సరే, కాలాన్ని ఆపగలిగారా? 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చేసింది. రామబ్రహ్మం మాత్రం ఆ రోజు చూడలేదు. ‘పల్నాటి యుద్ధం’ తీస్తుండగానే 1946లో కన్నుమూశారు. మిగిలిన భాగాన్ని ఎల్వీ ప్రసాద్ పూర్తిచేశారు.

మిక్కీమౌస్‌కి భయమేసింది!

రాజులే కాదు, కంపెనీలూ ఈ పని చేస్తాయి. 2004లో మైఖేల్ మూర్ అనే అమెరికా దర్శకుడు అధ్యక్షుడు జార్జి బుష్‌నీ, ఇరాక్ యుద్ధాన్నీ కడిగేస్తూ ‘ఫారెన్‌హీట్ 9/11’ తీశాడు. విడుదల చేయాల్సిన మిరామాక్స్ సంస్థ డిస్నీది. డిస్నీ ససేమిరా అంది. ఫ్లోరిడాలో ఉన్న తమ పార్కులకు పన్ను రాయితీలు పోతాయనే ఇదంతా అన్నాడు మూర్. అప్పుడు ఆ రాష్ట్ర గవర్నరు బుష్ తమ్ముడే మరి! అదేం కాదు, ఎన్నికల ఏడాదిలో ఓ పక్షం వహించే సినిమా మాకొద్దంది డిస్నీ. ఆ కంపెనీని బహిష్కరిద్దామన్న పిలుపులూ వినిపించాయి. చివరికి మిరామాక్స్ అధినేతలు సొంతంగా హక్కులు కొని, ఇతర సంస్థలతో కలిసి జూన్‌లో విడుదల చేశారు. కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గెల్చుకున్న ఆ డాక్యుమెంటరీ ప్రపంచవ్యాప్తంగా 22 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆపాలని చూడటమే దానికి పెద్ద ప్రచారమైంది!

గీత ఎక్కడ?

అయితే నాణేనికి రెండో వైపూ ఉంది. 2012 అక్టోబరులో ‘కెమెరామెన్ గంగతో రాంబాబు’ తెలంగాణ ఉద్యమాన్ని కించపరిచిందంటూ ఆందోళనలు జరిగాయి. ప్రదర్శనలు ఆగాయి. కొన్ని సన్నివేశాలు తీసేయాల్సి వచ్చింది. బాధపడ్డవాళ్లకు ఆ మాట చెప్పే హక్కుంది. కానీ హాలు మూయిస్తే చూడాలనుకున్నవాడి సంగతేంటి? ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ చిత్రం కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చి చెప్పింది... ఆందోళనలు చేస్తారన్న బెదిరింపులకు లొంగి భావప్రకటనని అణచకూడదని.

‘నేను చూడను’ అనడం బహిష్కారం. ‘నిన్ను చూడనివ్వను’ అనడం నిషేధం. మొదటిది మన జేబులోని డబ్బు మీద మన హక్కు. రెండోది పక్కవాడి కళ్లకు గంతలు కట్టడం. వెంకటగిరి కోట చేసినా, డిస్నీ చేసినా, రోడ్డుమీది గుంపు చేసినా తేడా లేదు.

శావల్యాపురంలో ఉన్నా షికాగోలో ఉన్నా ప్రేక్షకుడి చేతిలో ఉన్నది ఒక్క టికెట్టే. దాన్ని కొనాలా వద్దా అన్నది అతనిష్టం. ఆ ఇష్టాన్ని ఇంకొకరు లాక్కోకుండా చూసుకోవడమే అసలైన పోరాటం!