నాన్న అంబాసిడర్‌కి నేను లాగిన తీగ

జనవరి నెల. తెల్లారగట్ల 5 గంటలు. చుండూరులో మినుము చేలమీద మంచు దట్టంగా పట్టింది. నాయనమ్మకి ఆ రోజు గుంటూరులో కంటి శుక్లాల ఆపరేషన్. 7 గంటలకల్లా ఆసుపత్రిలో ఉండాలి. నాన్న అంబాసిడర్‌లో కూర్చుని తాళం తిప్పాడు. ‘టిక్’మని ఒక్క చప్పుడు. అంతే, మళ్లీ కిక్కురుమనలేదు.

ముందురోజు సాయంత్రం ఆ కారుకి ఎలక్ట్రిక్ చోక్ కనెక్షన్ ఇచ్చింది నేనే!

‘ఏందిరా, కంప్యూటర్లు చేసేవాడివి ఒక్క తీగ సరిగ్గా కలపలేవా?’ అని తిట్టుంటే బాగుండేది. నాన్న ఏమీ అనలేదు. వీధి చివరి ఆటో పిలిచి నాయనమ్మని ఎక్కించాడు. నేను బానెట్ దగ్గరే నిలబడిపోయా.

అసలు చోక్ దేనికి?

ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకే స్టార్ట్ చేసేటప్పుడు గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచాలి. కార్బురేటర్ నోటి దగ్గరుండే చిన్న రేకు మూత చేసే పని అదే. పాత అంబాసిడర్లలో డాష్‌బోర్డు మీది నాబ్ లాగితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ వేడెక్కాక నాబ్ లోపలికి నెట్టాలి. నాన్న అది మర్చిపోతాడు. దాంతో నల్లపొగ, ప్లగ్గులకి మసి, పెట్రోలు దండగ. అందుకే ఎలక్ట్రిక్ చోక్ ఉన్న వేరే కార్బురేటర్ సంపాదించి, మెకానిక్ చేత అమర్పించాం. కరెంటు పని మాత్రం నేను చేస్తానన్నా.

ఇందులో రెండు లోహాలు కలిపిన స్ప్రింగు ఉంటుంది. కరెంటు పారితే వేడెక్కి, వంపు మారి, మూతని మెల్లగా తెరుస్తుంది.

నేను చేసిన తప్పు

కరెంటుని నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చా. అంటే తాళం తీసినా చోక్‌కి కరెంటు వెళ్తూనే ఉంది. ఒక ఆంపియర్ చొప్పున లాగినా, రాత్రంతా కలిసి 10 ఆంపియర్-అవర్లు పైనే. మా ముసలి బ్యాటరీకి అది చాలు. పైగా చోక్ రాత్రంతా వేడిగా ఉండటంతో మూత కూడా తెరిచే ఉంది. అంటే బ్యాటరీ బతికున్నా బండి కదలడం కష్టమే!

ఇగ్నిషన్ కాయిల్ నుంచి తీసినా మంచిది కాదు. స్పార్కుకి అందాల్సిన కరెంటు ఇటు పంచుకుపోతుంది. తాళం నుంచి తీయొచ్చు, కానీ ఇంజిన్ తిరగకుండా తాళం వేసి ఉంచినా చోక్ వేడెక్కిపోతుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడే కరెంటు రావాలి.

అందుకే రిలే పెట్టా. బ్యాటరీ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 30కి ఒక తీగ. 87 నుంచి చోక్‌కి ఇంకోటి. ఆల్టర్నేటర్‌లో ఛార్జింగ్ బల్బు తీగ ఉండే చోటు నుంచి 86కి. 85 బాడీకి. ఆల్టర్నేటర్ ఛార్జింగ్ మొదలెడితేనే రిలే పడుతుంది, ఇంజిన్ ఆగితే వదిలేస్తుంది. కార్బురేటర్ గాస్కెట్ మీద కూర్చుంటుంది కాబట్టి చోక్‌కి విడిగా ఎర్త్ తీగ కూడా ఇచ్చా. డైనమో ఉన్న పాత బండ్లకి ఈ కనెక్షన్ ఇలాగే పనికిరాదు, మెకానిక్‌ని అడగండి. పని మొదలెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పడం మాత్రం మర్చిపోవద్దు. పక్కనే పెట్రోలు ఉంటుంది.

చివర్లో నల్ల మూత మీది మూడు స్క్రూలు వదులుచేసి, చల్లటి ఇంజిన్ మీద రేకు మూత సరిగ్గా మూసుకునేదాకా తిప్పి బిగించా.

వారం తర్వాత నాయనమ్మని చెకప్‌కి తీసుకెళ్లాలి. మళ్లీ అదే మంచు. నాన్న యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి వదిలాడు. చోక్ పడేది ఆ తొక్కుడుతోనే. తాళం తిప్పాడు. బండి అందుకుంది. రెండు మూడు నిమిషాల్లో ఇంజిన్ చప్పుడు నెమ్మదించింది.

‘ఇప్పుడు నాకు అన్నీ బాగా కనపడుతున్నాయిరా అయ్యా, పోనీ’ అంది నాయనమ్మ వెనక సీట్లోంచి.

పాత చోక్ నాబ్ ఇప్పుడు దేనికీ తగిలించి లేదు. తీసేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. పొద్దున్నే బండెక్కితే ఆయన చెయ్యి ఇప్పటికీ ముందు దానిమీదికే పోతుంది.