‘లాగిన్’: నామమా, క్రియయా?

భాగ్యనగరానికి పడమటి దిక్కున, మాదాపూరు మొదలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు బారులు తీరిన అద్దాల సౌధాలలో ప్రతిదినమూ లక్షలమంది తమ పనిని ఒకే మాటతో ఆరంభిస్తారు. ఆ మాట ‘లాగిన్’. గుడికి వచ్చినవాడు గడపకు మ్రొక్కి లోనికి అడుగుపెట్టినట్లు, కంప్యూటరు ముందు కూర్చున్నవాడు తన పేరును, పాస్‌వర్డును సమర్పించుకొని గాని లోనికి పోలేడు. ఇంతగా వాడుకలో నలిగిన ఈ మాటను ఆంగ్లంలో వ్రాయవలసి వచ్చేసరికి మాత్రం పెద్ద చదువులు చదివినవారికి సైతం చేయి తడబడుతున్నది. ఇది ఒక మాటా, రెండు మాటలా? నామమా, క్రియయా?

జవాబు నిజానికి క్లుప్తమే. కలిపి ‘లాగిన్’ అని వ్రాస్తే నామం. విడదీసి ‘లాగ్ ఇన్’ అని వ్రాస్తే క్రియ. ప్రవేశానికి ఏర్పరచిన పుట ‘లాగిన్ పేజీ’. అక్కడ ఇవ్వవలసిన పేరు ‘లాగిన్ పేరు’. ఇవి నామాలు గనుక కలిసే ఉంటాయి. ఆ పుటలో మనిషి చేసే పని మాత్రం ‘లాగ్ ఇన్’. సందేహం కలిగినపుడు తీర్చుకొనడానికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. వాక్యాన్ని నిన్నటి రోజుకు మార్చి చూడవలెను. ఆంగ్లేయుడు ‘లాగ్డ్ ఇన్’ అంటాడే గాని ‘లాగిన్డ్’ అనడు. కాలాన్ని తెలిపే ప్రత్యయం మాట నడుమ దూరవలసి వచ్చినపుడు ఆ మాట విడివడక తప్పదు. ‘బ్యాకప్’, ‘సెటప్’ మొదలైనవన్నీ ఈ కోవలోనివే. నకలు తీసి దాచిన సమాచారం బ్యాకప్. దాచే పని బ్యాక్ అప్. ఉచ్చారణలో కూడ భేదం లేకపోలేదు. నామంలో ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. క్రియలో ఆ ఊనిక ‘ఇన్’ మీదికి జరుగుతుంది.

నియమం ఇంత సులభమైనపుడు పొరపాటు ఇంత విరివిగా ఎందుకు జరుగుతున్నది? ‘మనవారికి ఆంగ్లం సరిగా రాదు’ అని తేల్చివేయడం పరిపాటి అయిపోయినది. కాని కొంచెం నిదానించి చూస్తే ఇందుకు మూడు కారణాలు కనిపిస్తాయి. వాటిలో రెండు తెలుగు భాష స్వభావంలో ఉన్నాయి. మూడవది కంప్యూటరులోనే ఉన్నది. అజ్ఞానం వీటిలో ఏదీ కాదు.

మొదటి కారణం తెలుగువారి చెవి. తెలుగు అజంత భాష. హల్లుతో ముగిసే పరాయి మాట మన నోట పడగానే చివర ఒక ఉకారాన్ని తెచ్చుకొంటుంది. బస్సు, బ్యాంకు, కోర్టు, రోడ్డు అన్నీ అట్లా వచ్చినవే. ఆ లెక్కన ‘లాగ్’ మనకు ‘లాగు’ వంటిది. దాని వెంట ‘ఇన్’ వస్తే ఉకారం లోపించి ‘లాగిన్’ అయి తీరుతుంది. ‘రాముడు’, ‘ఇతడు’ కలిసి ‘రాముడితడు’ అయినట్లే ఇదీను. ఉత్వసంధి నిత్యమని, దానికి వికల్పం లేదని బడిలో వ్యాకరణం చదువుకున్న ప్రతివారూ ఎరుగుదురు. బ్యాక్, అప్ కలిసి బ్యాకప్; సెట్, అప్ కలిసి సెటప్. ఆంగ్లేయుడు రెండు మాటలుగా పలికినా తెలుగు చెవి దానిని ఒకటిగానే పట్టుకొంటుంది. పైగా మన భాషలో ఊనికను మార్చి అర్థాన్ని మార్చే అలవాటు లేదు. కనుక నామానికీ క్రియకూ ఉచ్చారణలో ఉన్న ఆ కొద్దిపాటి తేడా కూడ మన చెవికి అందదు. చెవికి ఒకటిగా వినిపించినదానిని చేయి ఒకటిగా వ్రాయడంలో వింత లేదు.

రెండవ కారణం ఇంకా లోతైనది. తెలుగులో క్రియకూ దానినుండి పుట్టిన నామానికీ రూపంలోనే భేదం ఉన్నది. ఆడు నుండి ఆట, పాడు నుండి పాట, వ్రాయు నుండి వ్రాత, కోయు నుండి కోత, నడచు నుండి నడక పుట్టాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని కృదంత పరిచ్ఛేదం ఇట్టి రూపాల నిర్మాణాన్నే చెబుతున్నది. ఆంగ్లంలో ఈ కట్టుబాటు చాలావరకు చెదిరిపోయినది. ‘ప్లే’ అంటే ఆడడమూ కావచ్చును, ఆటా కావచ్చును. వాక్యంలో అది ఉన్న చోటును బట్టి తెలుసుకోవలెను. ఆ భాష కూడ ఆదిలో ఇట్లా లేదు. వెయ్యేండ్ల క్రిందటి ఆంగ్లంలో ప్రేమ అనే నామం ‘లుఫు’, ప్రేమించడమనే క్రియ ‘లుఫియన్’. కాలక్రమాన చివరి ప్రత్యయాలు అరిగిపోగా రెండును ఒక్క ‘లవ్’గా మిగిలాయి.

నామక్రియలను రూపంతో వేరుచేయడానికి అలవాటుపడిన తెలుగు, పరాయి మాటల విషయంలో ఒక చక్కని పద్ధతిని అవలంబించినది. వచ్చిన మాటను నామంగానే లోనికి రానిచ్చి, క్రియాభారాన్ని తన సొంత ధాతువుల మీద మోపినది. సంస్కృతం నుండి ‘ప్రవేశము’ రాగా ‘ఇంచు’ చేర్చి ‘ప్రవేశించు’ అని చేసుకొన్నది. పారసీ, ఉర్దూ భాషలు రాజ్యమేలిన కాలంలో కచేరీల గుండా వచ్చిన మాటలకు ‘చేయు’, ‘అగు’ అనేవాటిని తోడిచ్చినది. జమచేయు, వసూలుచేయు, రద్దుచేయు, జారీచేయు, హాజరగు మొదలైనవి ఆనాటి సంపాదనే. ఇట్టి అన్యదేశ్యాలు తెలుగులో ఎంతగా చొరబడినాయంటే, సి. పి. బ్రౌను వాటికోసం ప్రత్యేకంగా ఒక నిఘంటువునే కూర్చి 1854లో ప్రకటించవలసి వచ్చినది.

ఈ మాటలలో ‘దాఖలు’ గమనింపదగినది. దాని మూలం అరబ్బీ. లోనికి ప్రవేశించడమని దాని అసలు అర్థం. అర్జీ దాఖలుచేయడమంటే దానిని కచేరీ లెక్కలలోనికి ప్రవేశపెట్టడమే. ఒకనాడు ఆసఫ్‌జాహీ కచేరీలలో గుమస్తా ‘దాఖలు’ అన్నాడు. ఈనాడు అదే నగరంలో ఇంజనీరు ‘లాగిన్’ అంటున్నాడు. వచ్చిన దేశం మారినది గాని, తెలుగు దానిని ఆదరించిన తీరు మారలేదు. ‘విచారణకు హాజరయ్యాడు’ అనే వాక్యపు అచ్చులోనే ‘సిస్టంలో లాగిన్ అయ్యాడు’ అనే వాక్యం పోతపోసుకొన్నది. తెలుగు వికీపీడియా వాడిన ‘లాగినవండి’ అనే రూపంలో ‘లాగిన్’, ‘అవండి’ అనే రెండును కలిసిపోయి పరాయి మాట పూర్తిగా ఇంటిదైపోయినది.

ఈ పద్ధతిలో లాభం కూడ ఉన్నది. ‘అప్‌డేట్ చేశాను’ అంటే చేసినవాడు కనబడతాడు. ‘అప్‌డేట్ అయినది’ అంటే జరిగిన పని మాత్రమే కనబడుతుంది. ఆంగ్లంలో ఒక్క మాటకు వదిలివేసిన ఈ వివరాన్ని తెలుగు రెండు ధాతువులతో తేటపరుస్తున్నది. అయితే దీనివల్లనే చిక్కు కూడ వచ్చినది. మన వాక్యంలో కాలమూ, పురుషా, వచనమూ అన్నీ ‘అయ్యాను’, ‘అయ్యారు’ అనేవాటి మీదనే పడతాయి; ‘లాగిన్’ మాత్రం కదలని రాయివలె ఉండిపోతుంది. కనుక ఆ మాట మన మనస్సులో ఎల్లప్పుడూ నామమే. తెలుగులో ఆలోచించి ఆంగ్లంలో వ్రాసేవాడు ‘అవండి’ని విడిచిపెట్టి ‘లాగిన్’ను మాత్రమే కాగితం మీద పెడతాడు. అక్కడ కావలసినది క్రియ; వచ్చి కూర్చున్నది నామం.

మూడవ కారణాన్ని తెలుసుకోవాలంటే ఈ మాట వెంట సముద్రం మీదికి పోవలెను. ఆంగ్లంలో ‘లాగ్’ అంటే మొదట కొయ్యదుంగ. పూర్వం ఓడ వేగాన్ని కొలవడానికి నావికులు ఒక కొయ్యముక్కకు ముడులు వేసిన త్రాడు కట్టి ఓడ వెనుక నీటిలో విడిచేవారు. నియమిత కాలంలో ఎన్ని ముడులు చేతి గుండా జారిపోతే ఓడ వేగం అంత. ముడిని ఆంగ్లంలో ‘నాట్’ అంటారు. ఓడల వేగాన్ని నేటికీ నాట్లలోనే చెబుతున్నారు. ఆ లెక్కలు వ్రాసిన పుస్తకం ‘లాగ్ బుక్’ అయినది. పుస్తకంలో నమోదు చేయడానికే ‘లాగ్’ అనే క్రియ వచ్చినది. ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొనే పద్ధతి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1961లో ప్రదర్శితమైనది. వచ్చినవాడెవరో, ఎంతసేపు వాడుకున్నాడో లెక్క వ్రాయవలసిన అవసరం అక్కడ ఏర్పడినది. ఆ యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలలో ‘లాగిన్’ ఒకటి.

చిక్కు ఇక్కడనే పుట్టినది. అట్టి యంత్రాలకు ఆజ్ఞ ఇచ్చేటపుడు ఖాళీకి ఒక నియమితమైన పని ఉన్నది. ఖాళీకి ముందున్నది ఆజ్ఞ పేరు, తరువాత వచ్చేది వివరం. ఆజ్ఞను రెండు ముక్కలుగా వ్రాస్తే రెండవ ముక్కను యంత్రం వాడుకరి వివరమని భ్రమపడుతుంది. అందుచేత క్రియయే అయినా ‘లాగిన్’ అని కలిపి వ్రాయవలసి వచ్చినది. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఆర్పానెట్ ద్వారా తొలి సందేశం పంపబోయినపుడు, ఈ ఆజ్ఞలోని మొదటి రెండక్షరాలు చేరగానే అవతలి యంత్రం కూలిపోయినది. నేటి ఇంటర్నెట్టుకు మూలమైన ఆ వలలో మొట్టమొదట పయనించినది ఈ మాటలోని సగమే అన్నమాట! యంత్రంతో మాటాడి మాటాడి కలిపి వ్రాయడం అలవాటైన చేయి, మనుష్యులకు వ్రాసేటపుడు కూడ కలిపివేస్తున్నది. ఆంగ్లం మాతృభాషగా గలవారిలోనూ ఈ పొరపాటు సర్వసాధారణం. దీనిని తెలుగువారి తప్పుగా మాత్రమే ఎంచడం న్యాయం కాదు.

ఇంతకూ ఈ చిన్న భేదాన్ని పాటించకపోతే వచ్చే నష్టమేమి? కొన్నిచోట్ల నిజమైన నష్టమే ఉన్నది. ‘లాగిన్ పనిచేయడం లేదు’ అని ఆంగ్లంలో వ్రాస్తే, ప్రవేశద్వారమే చెడినదని చదివినవాడు గ్రహిస్తాడు. ‘వాడుకరి లాగ్ ఇన్ చేయలేకపోతున్నాడు’ అని వ్రాస్తే, ఆ వాడుకరి ఎవరు, అతడిచ్చిన పాస్‌వర్డు సరియైనదేనా అని ముందుగా విచారిస్తాడు. నామం యంత్రాన్ని చూపుతున్నది. క్రియ మనిషిని చూపుతున్నది. మరమ్మతు చేయవలసినవాడు సముద్రాల కావల ఉండి, అతనికి ఈ వాక్యం తప్ప మరి ఆధారం లేనపుడు, నామక్రియల భేదం పూటల తరబడి కాలాన్ని మిగల్చగలదు.

రెండవ నష్టం మనుష్యులకు సంబంధించినది. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుండి ఈ ప్రాంతం తెలుగునాట ప్రతి పల్లెకూ ఒక ఆశగా నిలిచినది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు పట్టభద్రులై అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చి అక్కడికి బయలుదేరుతున్నారు. 2019 మార్చి నుండి అమీర్‌పేటకూ హైటెక్ సిటీకీ నడుమ మెట్రో రైలు నడుస్తున్నది. ఆ కొద్ది స్టేషన్ల దూరాన్ని రైలు నిమిషాలలో దాటించగలదు గాని, భాష విషయంలోని జంకును దాటించలేదు. ప్రోగ్రాము వ్రాయడంలో ఆరితేరినవాడు నాలుగు వాక్యాల లేఖ వ్రాయడానికి వెనుదీయడం, ఒక్క మాట కలిపి వ్రాసినందుకు అతని బుద్ధినే శంకించడం — ఇవి రెండును విచారింపదగిన విషయాలు.

ఈ జంకుకు మందు నియమాల జాబితా కాదు; నియమం వెనుకనున్న కారణం. ‘ఇది తప్పు’ అని దిద్దే గురువు, ‘నీ తెలుగు ఇట్లా నడుస్తున్నది, ఆంగ్లం అట్లా నడుస్తున్నది, అందుచేత ఇక్కడ కాలు తొట్రుపడినది’ అని కూడ చెప్పినట్లయితే విద్యార్థికి సిగ్గుకు బదులు కుతూహలం కలుగుతుంది. సంధి, కృదంతం పరీక్షల కోసం వల్లెవేసి మరచిపోయే శుష్కవిషయాలనుకున్నవాడికి, తన బల్లమీది యంత్రంలోనే అవి కనబడతాయి. సొంత వ్యాకరణం తెలిసినవాడికి పరాయి వ్యాకరణం తొందరగా పట్టుబడుతుంది.

కనుక ఆంగ్లంలో వ్రాసేటపుడు నిన్నటి రోజును తలచుకొని, మాట విడివడితే విడదీసి వ్రాయడం మర్యాద. తెలుగులో మాటాడేటపుడు ‘లాగిన్ అయ్యాను’ అనడానికి జంకవలసిన పని లేదు. దాఖలును, హాజరును ఇముడ్చుకొన్న భాష దీనినీ ఇముడ్చుకొన్నది. ఏ ఇంటి మర్యాద ఆ ఇంట పాటించడమే రెండు భాషలు తెలిసినవాని నేర్పు.