వీసా అడగరు.. పసుపు కార్డు అడుగుతారు!

ఆమధ్య ఓపీకి ఓ పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. నైరోబీలో ఉంటున్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు. మనవడి మొదటి పుట్టినరోజు. నాలుగు రోజుల్లో విమానం. ‘‘రెండు వారాలకు సరిపడా మందులు రాయండి డాక్టరుగారూ’’ అన్నారు. ఆయనకు అరవై ఆరేళ్లు. బీపీకి తోడు కీళ్లవాతం. దానికి మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారు.

‘‘ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారా?’’ అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ‘‘కెన్యాకు వీసాయే అక్కర్లేదన్నారు సార్. ఇంక టీకా ఎందుకు?’’ అన్నారాయన.

ఈ ప్రశ్న చాలామందిది. కెన్యా 2024 జనవరి నుంచి వీసాలను ఎత్తేసింది. దాని బదులు ‘ఈటీఏ’ అనే ప్రయాణ అనుమతిని ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పాస్‌పోర్టు, బస, ప్రయాణ వివరాలు అందులో ఇవ్వాలి. ఇంతవరకు అందరూ చూసుకుంటారు. టీకా దగ్గరే పొరపాటు పడతారు.

వెళ్లేటప్పుడు కాదు.. వచ్చేటప్పుడు!

మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. కాబట్టి ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవారిని కెన్యా ఈ టీకా పత్రం అడగదు. అడిగేది మన విమానాశ్రయంలోనే. కెన్యా, ఉగాండా, ఇథియోపియా, నైజీరియా, బ్రెజిల్ లాంటి ముప్పున్న దేశాల నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోగా మన దేశంలో దిగేవారి దగ్గర చెల్లుబాటయ్యే టీకా పత్రం ఉండాలి. పసుపు రంగులో ఉంటుంది కాబట్టి దాన్ని ఎల్లో కార్డు అంటారు. అది లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఇల్లు గంట దూరంలోనే ఉన్నా వెళ్లనివ్వరు.

అడిస్ అబాబా లాంటి చోట విమానం మారేవారూ జాగ్రత్తపడాలి. ఆ విమానాశ్రయం దాటి బయటికి అడుగుపెట్టకపోతే మినహాయింపు దొరకొచ్చు. దానికి కూడా ఇక్కడి ఆరోగ్య అధికారి ఒప్పుకోవాలి.

ఇంత పట్టుదల ఎందుకు?

ఎల్లో ఫీవర్‌ను మోసుకొచ్చేది మనకు బాగా తెలిసిన దోమే. డెంగీని అంటించే ఏడిస్ ఈజిప్టై. మన తొట్లలో, కూలర్లలో, పాత టైర్లలో అది కావలసినంత ఉంది. లేనిదల్లా వైరస్సే. ఒంట్లో వైరస్‌తో ఒక్కరు దిగి, వారిని ఇక్కడి దోమ కుట్టిందంటే జబ్బు మన వీధుల్లోకి వచ్చేసినట్టే. మనలో ఎవరికీ దీన్ని తట్టుకునే శక్తి లేదు. మసాయి మారా చూడ్డానికి ఎక్కువమంది వెళ్లే జులై-అక్టోబరు నెలలే మనకు డెంగీ కాలం కావడం మరో చిక్కు.

వైరస్ ఒంట్లో చేరిన 3-6 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. ఆరు రోజుల లెక్క అక్కడి నుంచి వచ్చిందే. చాలామందికి జ్వరం, ఒళ్లునొప్పులతో తగ్గిపోతుంది. కొద్దిమందికి కామెర్లు, రక్తస్రావం, కిడ్నీల వైఫల్యం వరకు వెళ్తుంది. ఆ దశకు చేరినవారిలో దాదాపు సగం మంది చనిపోతారు. వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. టీకాయే రక్ష.

పది రోజుల లెక్క

ఈ టీకాను ఒక్కసారి వేయించుకుంటే చాలు. 2016 జులై నుంచి కార్డు జీవితాంతం చెల్లుతోంది. పాత కార్డుల మీద పదేళ్లని రాసి ఉన్నా ఫరవాలేదు. కానీ టీకా వేసిన పది రోజులకు గానీ కార్డు చెల్లుబాటు కాదు. రక్షణ కుదురుకోవడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది. రేపు వేయించుకుని నాలుగో రోజున విమానమెక్కితే, రెండు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి కార్డు చెల్లుతుంది. కానీ అక్కడున్న మొదటి వారం పూర్తి రక్షణ ఉండదు. నిబంధనకు సరిపోయిందని ఒంటికి సరిపోయినట్టు కాదు. అందుకే కనీసం నెల ముందు వేయించుకోండి.

కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో వేసి, ఇచ్చిన కార్డే చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం, విశాఖపట్నంలోని పోర్ట్ హెల్త్ ఆఫీసు అలాంటివే. టీకా వేసే రోజులు, వేళలు ముందే కనుక్కుని పాస్‌పోర్టుతో వెళ్లండి. కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, ముద్ర సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

ఎవరు ఆగాలి?

ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా. అందరికీ పనికిరాదు. వీళ్లు డాక్టర్‌ను అడగకుండా వేయించుకోవద్దు.

• తొమ్మిది నెలల లోపు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు
• అరవై దాటి, మొదటిసారి వేయించుకునేవారు
• గుడ్డు పడక తీవ్రమైన అలర్జీ వచ్చినవారు
• క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి అయినవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు
• స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు

టీకా కోసమని ఈ మందులను సొంతంగా ఆపేయడం మరీ ప్రమాదం. టీకా పడనివారికి డాక్టర్ మినహాయింపు పత్రం ఇవ్వొచ్చు. అయితే అది చూపినా విమానాశ్రయంలో పరిశీలనలో ఉంచే అవకాశం ఉంది.

కెన్యాలో మలేరియా కూడా ఎక్కువే. నివారణ మాత్రల గురించి టీకా సమయంలోనే అడగండి. అవి ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వాడాలి. వచ్చాక జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి.

ఇంతకీ ఆ పెద్దాయన సంగతి. వయసు, వాడుతున్న మందులు.. రెండూ టీకాకు అడ్డే. నైరోబీ నగరం వరకైతే ఎల్లో ఫీవర్ ముప్పు తక్కువే గానీ, మన విమానాశ్రయంలో చూసేది కార్డునే. ‘‘పోనీ ఆరు రోజులు ఉంచితే ఉంచనీ సార్’’ అన్నారాయన. ఆవిడ ఒప్పుకోలేదు. అక్కడే వరండాలోంచి కూతురికి ఫోన్ చేశారు. నెల తర్వాత మందుల కోసం వచ్చినప్పుడు పెద్దాయన ఒక్కరే రాలేదు. ఆయన చంకలో మనవడున్నాడు. కూతురు, అల్లుడు, పిల్లాడు ముగ్గురూ కార్డులతో దిగారట.

టికెట్ కొనేముందు వీసా గురించి ఎలాగూ అడుగుతారు. అప్పుడే మరో ప్రశ్న కూడా వేయండి: ‘తిరిగొచ్చేటప్పుడు నన్నేం అడుగుతారు?’ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కేంద్ర ఆరోగ్య శాఖ తాజా జాబితా చూసుకోండి.