ఒక్క బొమ్మలో కంపెనీ పట్టదు

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఫైనాన్స్ కంపెనీలో మీటింగ్ రూమ్ గోడకు ఒక పెద్ద చార్ట్ ఉండేది. నిండా డబ్బాలు, బాణాలు. మా సిస్టమ్‌లన్నీ అందులో ఉన్నాయని గొప్పగా చెప్పుకునేవాళ్లం. బయటివాళ్లు చూసి మెచ్చుకునేవారు. పనిబడి దాని దగ్గరికి వెళ్లినవాళ్లను మాత్రం నేనెప్పుడూ చూడలేదు. కంపెనీ పనులూ సిస్టమ్‌లూ ఎలా ముడిపడి ఉన్నాయో ఇలా గీసి చూపే పనిని ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అంటారు. దాని చుట్టూ ఉన్న అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: అన్నీ ఒకే బొమ్మలో గీస్తే అందరికీ అర్థమవుతుంది.

వాస్తవం: ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి గోడ మందం, పిల్లర్ల కొలతలు కావాలి. కరెంటు పనివాడికి స్విచ్‌బోర్డులు ఎక్కడో తెలియాలి. ఇంటావిడ అడిగేది వంటింటి కిటికీ ఎటువైపని. ఇవన్నీ ఒకే కాగితం మీద వేస్తే ఎవరికీ పనికిరాదు. ఈ పోలిక నా సొంతం కాదు. 1987లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో జాన్ జాక్‌మన్ రాసిన వ్యాసం భవనాల ప్లాన్ల పోలికతోనే నడుస్తుంది. యజమాని చూసే బొమ్మకూ కాంట్రాక్టర్ వాడే ప్లానుకూ తేడా వివరాలు ఎక్కువా తక్కువా అన్నది కాదు, వాటి స్వభావమే వేరంటాడు ఆయన. జూమ్ చేస్తే మొదటిది రెండోది అయిపోదు.

అపోహ: వ్యూ అన్నా వ్యూపాయింట్ అన్నా ఒకటే.

వాస్తవం: కాదు. 2000లో వచ్చిన ఐఈఈఈ 1471 ప్రమాణం, దాని వారసుడైన ఐఎస్‌ఓ 42010 ఈ రెంటినీ విడదీసి చెబుతాయి. గీసిన బొమ్మ వ్యూ, దాన్ని గీసే, చదివే పద్ధతి వ్యూపాయింట్. చేతికొచ్చే ఈసీజీ కాగితాన్ని వ్యూ అనుకోండి. ఎలక్ట్రోడ్‌లు ఎక్కడెక్కడ పెట్టాలి, కాగితం ఎంత వేగంతో నడవాలి, దాన్ని చూసి ఏం తేల్చాలి అన్న పద్ధతి వ్యూపాయింట్. మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగమని ఖాయం చేసుకున్నారు కాబట్టే ఒంగోలులో తీసిన ఈసీజీని హైదరాబాద్ డాక్టరు చదవగలుగుతున్నాడు. ఎవరి కోసం, ఏ ప్రశ్నకు, ఏ గుర్తులతో అన్నది తేల్చుకోకుండా గీసిన డయాగ్రామ్, గీసినవాడు పక్కనుంటేనే అర్థమవుతుంది. అతను ఉద్యోగం మారితే అంతే సంగతులు.

అపోహ: పుస్తకంలో ఉన్న వ్యూపాయింట్లన్నీ నింపితేనే ఆర్కిటెక్చర్ పూర్తవుతుంది.

వాస్తవం: ఏ పుస్తకం? జాక్‌మన్ పట్టికలో ఆరు అడ్డ వరసలు, ఆరు నిలువు వరసలు. ఆర్‌ఎం-ఓడీపీ అనే ప్రమాణంలో వ్యూపాయింట్లు ఐదు. అమెరికా రక్షణ శాఖ వాళ్ల డోడాఫ్ 2.0లో ఎనిమిది. ఒక సాఫ్ట్‌వేర్ సిస్టమ్ కోసం 1995లో ఫిలిప్ క్రుష్టెన్ నాలుగు వ్యూలు, వాటికి తోడు సన్నివేశాలు అన్నాడు, అన్నిచోట్లా అన్నీ అక్కర్లేదనీ ఆయనే రాశాడు. ప్రాసెసర్ ఒక్కటే ఉంటే, ఏది ఏ మెషీన్ మీద నడుస్తుందో చూపే ఫిజికల్ వ్యూ గీయకపోయినా నష్టం లేదు. ఆర్కిమేట్ అనే మోడలింగ్ భాష మూడో వెర్షన్ ఇచ్చే వ్యూపాయింట్లు కూడా ఉదాహరణలే. అందులో పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు వాడి తీరాలన్నదీ అపోహే. అది ఆనవాయితీ, నియమం కాదు.

అపోహ: బిజినెస్ వాళ్లకు బిజినెస్ బొమ్మ, ఐటీ వాళ్లకు ఐటీ బొమ్మ ఇచ్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే. ఒక పాత సర్వర్ తీసేద్దామనుకున్నాం. టెక్నాలజీ డయాగ్రామ్‌లో దాని మీద రెండు అప్లికేషన్లే ఉన్నాయి, రెండూ అప్పటికే కొత్తచోటికి మారిపోయాయి. శుక్రవారం రాత్రి ఆపేశాం. సోమవారం పొద్దున్నే, బాకీలు వసూలు చేసే కలెక్షన్స్ విభాగం నుంచి ఫోను: "సార్, ఈరోజు లిస్టు రాలేదండీ." ఏ కస్టమర్‌కు ఆరోజు ఫోన్ చేయాలో చెప్పే ఫైలు తెల్లవారుజామున ఆ సర్వర్ నుంచే వెళ్లేదట. మా బొమ్మలో సర్వర్ ఉంది, లిస్టు లేదు. వాళ్ల బొమ్మలో లిస్టు ఉంది, అది ఎక్కణ్నుంచి వస్తుందో లేదు. రెంటినీ కలిపే గీత ఎవరి దగ్గరా లేదు.

నెదర్లాండ్స్‌లో 2002–04 మధ్య రూపుదిద్దుకుని, 2009లో ఓపెన్ గ్రూప్ ప్రమాణమైన ఆర్కిమేట్‌లో నాకు నచ్చింది ఈ గీతే. ఈ మెషీన్ ఈ అప్లికేషన్‌ను నడుపుతుంది, ఆ అప్లికేషన్ ఈ పనికి ఉపయోగపడుతుంది అని పొర నుంచి పొరకు లంకె వేయొచ్చు. దానికి వెనకాల ఒకటే మోడల్ ఉండాలి. విడివిడి పవర్‌పాయింట్లలో గీస్తే, మా దగ్గరిలాగే, ఒకే మనిషి ఒక స్లైడ్‌లో కస్టమర్, ఇంకోదానిలో పార్టీ, మూడోదానిలో అకౌంట్ హోల్డర్ అవుతాడు.

అపోహ: ఇదంతా పెద్ద ప్రైవేటు కంపెనీల గొడవ.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రగతి కార్యక్రమాన్ని రాష్ట్ర ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌గానే తలపెట్టింది. కేంద్ర ఐటీ శాఖ 2018లో ఇదే పని కోసం ఇండ్‌ఈఏ ఫ్రేమ్‌వర్క్ తెచ్చింది.

సర్వర్ గొడవ తర్వాత మేం ఇంకో కాగితం గీశాం. ఈసారి ప్రశ్న ఒక్కటే: ఇది ఆపితే ఎవరి పని ఆగుతుంది? మొత్తం ఏడు డబ్బాలు. కలెక్షన్స్ సూపర్‌వైజర్ అరనిమిషం చూసి ఒక బాణం మీద వేలు పెట్టింది. "ఇది తప్పండీ, ఈ ఫైలు మాకు రాదు, బ్రాంచీలకు పోతుంది." నా జేబులోని పెన్ను తీసుకుని తనే దిద్దింది.